ఆటమ్ బొమ్మను చెరిపేసిన పసుపు గీత

వాట్సాప్‌లో ఎమోజీలు వెతికే చోట 'ఆటమ్' అని కొట్టి చూడండి. ఓ చిన్న బొమ్మ వస్తుంది. మధ్యలో చుక్క, దాని చుట్టూ ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే కోడిగుడ్డు ఆకారపు గీతలు. కోచింగ్ సెంటర్ ఫ్లెక్సీ మీద అదే, సైన్స్ ఫెయిర్ బ్యానర్ మీద అదే. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చిహ్నంలోనూ అదే. ఏ దేశంలో ఎవరికి చూపించినా 'ఆ, సైన్స్' అనేస్తారు.

తమాషా ఏంటంటే, పరమాణువు అలా ఉండదని సైన్సే తేల్చేసి దాదాపు వందేళ్లవుతోంది. ఆ బొమ్మ 1913లో పుట్టింది, 1926కల్లా దాని పని అయిపోయింది. గట్టిగా బతికింది పదమూడేళ్లు. మన ఫోన్లలో, గోడల మీద మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

మా పిన్ని కూతురు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో చేరింది. కెమిస్ట్రీలో పరమాణు నిర్మాణం పాఠం మొదలైన వారానికే ఫోన్ చేసింది. "అన్నయ్యా, టెన్త్ దాకా ఎలక్ట్రాన్లు కక్ష్యల్లో తిరుగుతాయని రాస్తే మార్కులేశారు. ఇప్పుడేమో కక్ష్యలు లేవు, ఆర్బిటాల్స్ అంటున్నారు. తప్పని తెలిసీ మాకెందుకు నేర్పించారు?" అంది. కోపంగానే అడిగింది. ఆ కోపంలో న్యాయముంది. డాల్టన్, థామ్సన్, రూథర్‌ఫర్డ్, బోర్ అంటూ పేర్లు వరసగా బట్టీ పట్టిస్తారు. ఒకాయన చెప్పాడు, ఇంకొకాయన కాదన్నాడు, మూడో ఆయన వచ్చాడు... వింటుంటే ఊళ్లో సర్పంచులు మారినట్టు ఉంటుంది తప్ప, ఎందుకు మారారో అర్థం కాదు.

ఎందుకు మారారన్నదే అసలు కథ. ఆ కథలో నాకు బాగా నచ్చిన పాత్ర సైంటిస్టు కాదు, ఒక వాయువు. బర్త్‌డే బెలూన్లలో నింపే హీలియమ్. పరమాణువు గురించి మనిషి గీసుకున్న బొమ్మల్లో ఒకదాన్ని నిలబెట్టిందీ అదే, పడగొట్టిందీ అదే. దాని జాడ మొదట దొరికిన రోజుల్లో మన గుంటూరు, మచిలీపట్నం కూడా ఉన్నాయి.

1868, ఆగస్టు 18

ఆ రోజు ఉదయం సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ మన కోస్తా మీదుగా పోతుందని ముందే లెక్క కట్టారు. ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త సామానంతా మోసుకుని గుంటూరు వచ్చాడు. బ్రిటిష్ బృందం ఒకటి కూడా అక్కడే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నడిపే నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో కూర్చున్నాడు. వీళ్లు వచ్చింది గ్రహణం అందం చూడటానికి కాదు. సూర్యుడి అంచు నుంచి ఎర్రగా ఎగిసే మంటల్లాంటివి ఉంటాయి. మామూలుగా ఎండ తీవ్రతకు అవి కనిపించవు. గ్రహణం పట్టినప్పుడు వాటి వెలుగును పట్టకంలోంచి చూడాలని వచ్చారు.

పట్టకంలోంచి చూస్తే ఏం తెలుస్తుంది? వంటింట్లోనే చూడొచ్చు. పప్పు పొంగి గ్యాస్ స్టవ్ మీద పడితే నీలం మంట ఒక్కసారిగా పసుపు రంగుకు తిరుగుతుంది, గమనించారా? ఉప్పులో ఉన్న సోడియం చేసే పని అది. ఆ పసుపు వెలుగును పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులాగా రంగులన్నీ రావు. పసుపు దగ్గర రెండు సన్నని గీతలు, పక్కపక్కనే వస్తాయి. 589 నానోమీటర్ల దగ్గర ఒకటి, 589.6 దగ్గర ఇంకొకటి. సోడియం ఎక్కడున్నా సరే, స్టవ్ మీదైనా, నక్షత్రంలోనైనా, ఆ రెండు గీతలే. ప్రతి మూలకానికీ ఇలాంటి సొంత గీతలు ఉంటాయి. వేలిముద్ర అనుకోండి. దీపావళి మతాబులో స్ట్రాన్షియమ్ ఎర్రగా, బేరియమ్ ఆకుపచ్చగా వెలిగేది కూడా ఈ కారణంతోనే.

గుంటూరులో జాన్సెన్‌కు సూర్యుడి మంటల నుంచి విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. అంటే అవి మండే వాయువులన్నమాట. గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా చూడొచ్చనిపించింది ఆయనకు. మర్నాడు ఉదయం మామూలు ఎండలోనే చూసి చూపించాడు. ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి ఉంది. చాలామంది అది సోడియందే అనుకున్నారు. మచిలీపట్నంలో పాగ్సన్‌కు మాత్రం ఇది సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదనిపించింది.

(జాన్సెన్ గుంటూరులో హీలియమ్‌ను కనిపెట్టాడని చాలాచోట్ల రాసేస్తుంటారు. మన ఊరి పేరుంటే మనకూ సంతోషమే కానీ, నిజం కొంచెం వేరు. ఆ రోజు కనిపించింది గీత. అది కొత్త మూలకానిదని ఇంకా ఎవరూ అనలేదు.)

అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ ఆ పసుపు గీతను జాగ్రత్తగా కొలిచాడు. 587.6 దగ్గర ఉంది. సోడియంకి నానోమీటరున్నర అటూ ఇటూ తేడా. భూమ్మీద తెలిసిన ఏ పదార్థానికీ అక్కడ గీత లేదు. అయితే ఇది సూర్యుడిలో మాత్రమే ఉన్న మూలకమేమో అన్నారు. గ్రీకులో సూర్యుణ్ని హీలియోస్ అంటారు కాబట్టి హీలియమ్ అని పేరొచ్చింది. చాలామంది నమ్మలేదు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, లండన్‌లో విలియమ్ రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వచ్చిన వాయువును గాజు గొట్టంలో వెలిగించి చూస్తే అదే పసుపు గీత.

సూర్యుడిలో ఉన్న వాయువు యురేనియం రాయిలో ఎందుకుంది? ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి, మళ్లీ వస్తుంది. అప్పటికి అంతకంటే పెద్ద ప్రశ్న ఉంది. ఒక మూలకం తన గీతల్ని తాను ఎప్పుడూ అవే చోట్ల ఎందుకు గీసుకుంటుంది? లోపల ఏం జరుగుతోంది?

గోలీ, పుచ్చకాయ

లోపల అనే మాటే అప్పటికి కొత్త. పరమాణువంటే లోపల, బయట అంటూ ఏమీ లేని గట్టి గోలీ. 1803 నుంచి అదే లెక్క. మాంచెస్టర్‌లో పాఠాలు చెప్పుకునే జాన్ డాల్టన్ పెట్టిన లెక్క అది. మన కణాదుడు, గ్రీకుల డెమొక్రిటస్ అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే అవిభాజ్యమైన కణాల మాట చెప్పారు కదా అంటారు కొందరు. చెప్పారు, నిజమే. డాల్టన్ చేసిన కొత్త పని తూకం. 12 గ్రాముల కార్బన్‌తో 16 గ్రాముల ఆక్సిజన్ కలిస్తే ఒక వాయువు, 32 గ్రాములు కలిస్తే ఇంకో వాయువు. సరిగ్గా రెట్టింపు. మధ్యలో 20 గ్రాములతో, 27 గ్రాములతో వేరే వాయువేదీ రాదు. కోడిగుడ్లు కొన్నట్టు, ఒకటి లేదా రెండు, ఒకటింబావు ఉండదు. కాబట్టి పదార్థం గింజల రూపంలో ఉందన్నాడు. ఇదే డాల్టన్ నీళ్లలో ఒక హైడ్రోజన్‌కు ఒకే ఆక్సిజన్ అనుకున్నాడు. అది తప్పే. అయినా గింజల లెక్క నిలబడింది.

గోలీకి గీతలు రావు. గట్టి ముద్ద అన్ని రంగుల వెలుగునీ లెక్కపెట్టి ఎందుకు వదులుతుంది?

1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్ గాలి తీసేసిన గాజు గొట్టంలో కరెంటు పంపి, అందులో పోయే కిరణాన్ని అయస్కాంతంతో, విద్యుత్తుతో వంచి, అది హైడ్రోజన్ పరమాణువు కంటే వెయ్యి రెట్లకు పైగా తేలికైన కణాల గుంపు అని తేల్చాడు. ఇప్పటి లెక్కలో 1837 రెట్లు. అదే ఎలక్ట్రాన్. గోలీ పగిలింది. అన్నట్టు థామ్సన్‌కు చేతి పని అస్సలు రాదట. ఆయన గొట్టాలు ఊది తయారుచేసింది ఎబెనీజర్ ఎవరెట్ అనే సహాయకుడు. సున్నితమైన సామాను దగ్గరికి ప్రొఫెసర్‌గారిని రానివ్వకుండా చూసుకునేవాళ్లు. ఎవరెట్ పేరు ఏ పాఠంలోనూ రాదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1904లో థామ్సన్ గీసిన బొమ్మ మనకు తెలుసు. ధనావేశం పుచ్చకాయ గుజ్జులాగా పరుచుకుని ఉంటుంది, ఎలక్ట్రాన్లు అందులో గింజలు. పరీక్షల్లో దీన్ని చూసి నవ్వుకుంటాం కానీ ఆలోచన చెత్తదేం కాదు. గింజ అటూ ఇటూ ఊగితే వెలుగు వస్తుంది, ఫలానా వేగంతో ఊగితే ఫలానా రంగు. అంటే గీతలకు మొదటిసారి ఒక కారణం దొరికింది. చిక్కెక్కడంటే, ఒకే గింజ ఉన్న హైడ్రోజన్ ఈ లెక్కన ఒకే ఒక్క గీత గీయాలి. అసలు హైడ్రోజన్ కంటికి కనిపించేవే నాలుగు గీస్తుంది. 656, 486, 434, 410 నానోమీటర్ల దగ్గర. అదే 1904లో టోక్యోలో హంతారో నాగఓకా శనిగ్రహం, దాని వలయాలు లాంటి పరమాణువును ఊహించాడు. అది నిలకడగా ఉండదని విమర్శలు రావడంతో పక్కకు పోయింది.

చీకటి గదిలో కుర్రాళ్లు

ఇప్పుడు ఆ యురేనియం రాయి దగ్గరికి వద్దాం. యురేనియం, రేడియం లాంటివి ఆల్ఫా కణాలు విసురుతాయని అప్పటికి తెలుసు. అవేంటో పక్కాగా తెలియదు. న్యూజిలాండ్ నుంచి వచ్చి మాంచెస్టర్‌లో ప్రొఫెసర్ అయిన ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్, రాయ్డ్స్ అనే విద్యార్థితో కలిసి ఒక అందమైన పని చేశాడు. ఆల్ఫా కణాలు దూసుకుపోగలిగేంత, కానీ మామూలు వాయువు కారలేనంత పల్చని గాజు గొట్టం చేయించాడు. అందులో ఆల్ఫా కణాలు విసిరే వాయువును నింపి, బయట ఇంకో గాజు గొట్టం తొడిగి, మధ్యలో ఖాళీ చేసి వదిలేశాడు. కొన్ని రోజులకు ఆ ఖాళీలో చేరినదాన్ని వెలిగించి చూస్తే... పసుపు గీత! లాకియర్ కొలిచిన అదే గీత. ఆల్ఫా కణమంటే హీలియమే. యురేనియం రాయి లోపల లక్షల ఏళ్లుగా హీలియమ్ తయారవుతోంది.

ఆ హీలియమ్‌నే తూటాలుగా వాడటం మొదలుపెట్టారు. హాన్స్ గైగర్, 20 ఏళ్ల విద్యార్థి ఎర్నెస్ట్ మార్స్‌డెన్. పల్చని బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాల్ని వదిలి, అవి ఎటు పోతున్నాయో చూడాలి. ఇప్పట్లా డిటెక్టర్లు, కంప్యూటర్లు లేవు. జింక్ సల్ఫైడ్ పూసిన తెర మీద ఒక్కో కణం తగిలినప్పుడు మిణుగురంత మెరుపు వస్తుంది. మైక్రోస్కోప్‌లో కళ్లు పెట్టి ఆ మెరుపుల్ని లెక్కపెట్టాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ముందు చాలాసేపు ఊరికే కూర్చోవాలి. తర్వాత ఒకటి, రెండు, మూడు... రూథర్‌ఫర్డ్‌కు ఆ ఓపిక లేదు, అందుకే కుర్రాళ్లకిచ్చాడని నాకు గట్టి అనుమానం.

పుచ్చకాయ లెక్క నిజమైతే కణాలన్నీ కొద్దికొద్దిగా వంగి అవతలికి పోవాలి. దాదాపు అన్నీ అలాగే పోయాయి. కానీ సుమారు 8000కు ఒకటి వెనక్కి తిరిగింది. 1909లో ఈ అంకె అచ్చయింది. 8000లో ఒకటే కదా, ఏదో పొరపాటనుకుని వదిలేయొచ్చు. రూథర్‌ఫర్డ్ వదల్లేదు. రెండేళ్లు బుర్ర బద్దలుకొట్టుకుని, 1911లో లెక్క తేల్చాడు. పరమాణువు బరువంతా, ధనావేశమంతా మధ్యలో ఒక చిన్న బిందువులో ఉంటే తప్ప ఇది జరగదు.

ఎంత చిన్న బిందువు? 200 మీటర్ల వెడల్పున్న క్రికెట్ స్టేడియం బంగారు పరమాణువు అనుకుంటే, దాని కేంద్రకం పిచ్ మధ్యలో పడేసిన ఒక శనగ గింజంత. మిగతా స్టేడియం అంతా ఎలక్ట్రాన్లది. మీరు వేలికి పెట్టుకున్న ఉంగరం బరువంతా ఆ శనగ గింజల్లోనే ఉంది.

ఇంత గొప్ప ఫలితమొచ్చినా పెద్దగా హడావుడి జరగలేదు. ఎందుకంటే అందులో ఒక ఘోరమైన చిక్కు ఉంది. కేంద్రకం చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్, అప్పటికి తెలిసిన విద్యుత్ నియమాల ప్రకారం, తిరుగుతున్నంతసేపూ వెలుగు రూపంలో శక్తిని పోగొట్టుకోవాలి. పోగొట్టుకుంటూ లోపలికి జారి కేంద్రకంలో పడిపోవాలి. హైడ్రోజన్‌లో ఇది ఎంతసేపట్లో జరగాలో లెక్కేయొచ్చు. ఒక సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో 16 ముక్కలు. అంతే. ఈ వాక్యం చదివేలోపు మీరు, మీ ఫోను, కుర్చీ, ఊరు అన్నీ కూలిపోవాలి. కూలడం లేదు. అంటే ప్రయోగం నిజం, నియమాలూ నిజమే, కానీ రెండూ కలిసి నిజం కావు.

బోర్ వేసిన మెట్లు

నీల్స్ బోర్ డెన్మార్క్ కుర్రాడు. 1911లో థామ్సన్ దగ్గర పనిచేద్దామని కేంబ్రిడ్జి వెళ్లాడు. ఇంగ్లీషు సరిగా రాదు. వెళ్లగానే థామ్సన్ పుస్తకం తీసి ఇక్కడ తప్పుందని చూపించాడట. అక్కడ పొసగలేదని వేరే చెప్పక్కర్లేదు. మరుసటి ఏడాది మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర చేరాడు.

1913 మొదట్లో ఒక స్నేహితుడు ఆయన్ని అడిగాడు, నీ పరమాణువు వర్ణపట గీతల గురించి ఏమంటుందని. బోర్ అప్పటిదాకా ఆ వైపే చూడలేదు. స్నేహితుడు బామర్ సూత్రం చూపించాడు. బామర్ స్విట్జర్లాండ్‌లో ఆడపిల్లల బడిలో లెక్కల మాస్టారు. హైడ్రోజన్ నాలుగు గీతల అంకెలు పట్టుకుని, 1885లో వాటన్నిటినీ ఒకే సూత్రంలో ఇరికించాడు. ఎందుకు ఇరుకుతాయో ఆయనకూ తెలియదు. బోర్ దాన్ని చూడగానే దారి దొరికింది.

ఎలక్ట్రాన్ ఎక్కడపడితే అక్కడ తిరగదు, కొన్ని మెట్ల మీదే ఉంటుందన్నాడు. మెట్టు మీద ఉన్నంతసేపు శక్తి పోగొట్టుకోదు. ఎందుకు పోగొట్టుకోదంటే, పోగొట్టుకోదంతే. పై మెట్టు నుంచి కింది మెట్టుకు దూకినప్పుడు తేడా శక్తి వెలుగుగా వస్తుంది. ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి మీరే చూడండి. హైడ్రోజన్ అడుగు మెట్టు లోతు 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండో మెట్టు దాన్ని 4తో భాగిస్తే, మూడోది 9తో. మూడు నుంచి రెండుకు దూకితే తేడా 1.89. ఇప్పుడు 1240ని 1.89తో భాగించండి. 656 వచ్చిందా? హైడ్రోజన్ ఎర్ర గీత అదే. నాలుగు నుంచి రెండుకు దూకితే 486. మిగతా రెండూ మీకే వదిలేస్తున్నా.

రూథర్‌ఫర్డ్ ఆ పేపర్ చూసి ఉత్తరం రాశాడు. నీ ఎలక్ట్రాన్ దూకే ముందే ఎక్కడ ఆగాలో తెలిసినట్టు ప్రవర్తిస్తోంది, అదెలా అని అడిగాడు. బోర్ దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత పన్నెండేళ్ల పాటు ఎవరి దగ్గరా లేదు.

జవాబు లేని బొమ్మను ఎందుకు నమ్మారంటే, హీలియమ్ వల్ల. ఒక నక్షత్రంలో 1890ల్లో పికరింగ్ అనే ఆయన కొన్ని గీతలు చూశాడు. చాలామటుకు హైడ్రోజన్ గీతల్లాగే ఉన్నాయి, కానీ సగం సగం చోట్ల ఉన్నాయి. లండన్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ హైడ్రోజన్, హీలియమ్ కలిపిన గొట్టంలో అలాంటివే రప్పించాడు. అందరూ హైడ్రోజన్‌వే అన్నారు. బోర్ కాదన్నాడు. అవి ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హీలియమ్‌వి. మిగిలింది ఒకే ఎలక్ట్రాన్, కేంద్రకం ఆవేశం మాత్రం రెట్టింపు, కాబట్టి హైడ్రోజన్ లెక్కే నాలుగింతలు అన్నాడు. మాంచెస్టర్‌లో పరీక్షిస్తే అవి హీలియమ్‌వే అని తేలింది.

ఫౌలర్ ఊరుకోలేదు. నా కొలతల్లో నాలుగింతలు కాదు, 4.0016 ఇంతలు వస్తోంది అన్నాడు. మనమైతే దశాంశం తర్వాత మూడో అంకె కదా, సర్దుకుపోదాం అంటాం. బోర్ సర్దుకోలేదు. కేంద్రకం కదలకుండా కూర్చుంటుందనుకుని లెక్కేశాను, నిజానికి ఎలక్ట్రాన్ లాగుతుంటే అదీ కొంచెం కదులుతుంది, హైడ్రోజన్‌లో ఎక్కువ, బరువైన హీలియమ్‌లో తక్కువ అని లెక్క సరిచేసి 4.00163 అని చూపించాడు. ఈ కథ మొత్తంలో నా ఒళ్లు జలదరించే చోటు ఇదే. ఒక బొమ్మ ఎందుకు నిజమో చెప్పలేని మనిషి, దాని నుంచి ఐదు దశాంశాల దాకా నిజాన్ని బయటికి తీశాడు. ఆ సంగతి విన్న ఐన్‌స్టైన్ కూడా అయితే ఇది చాలా పెద్ద ఆవిష్కరణే అన్నాడు.

అక్కడికి ప్రపంచ యుద్ధం వచ్చింది. చీకటి గదిలో పక్కపక్కన కూర్చుని మెరుపులు లెక్కపెట్టిన గైగర్ జర్మన్ సైన్యంలోకి, మార్స్‌డెన్ బ్రిటిష్ సైన్యంలోకి పోయారు. బెర్లిన్‌లో గైగర్ దగ్గర చదువుకుంటున్న జేమ్స్ చాడ్విక్ శత్రుదేశపు పౌరుడని శిబిరంలో బందీ అయ్యాడు. కేంద్రకంలో న్యూట్రాన్ ఉందని 1932లో కనిపెట్టింది ఈయనే. ఎక్స్-కిరణాలతో మూలకాలకు పరమాణు సంఖ్య అంటే ఏంటో చూపించిన హెన్రీ మోస్లీ 1915 ఆగస్టు 10న గల్లిపోలి యుద్ధంలో చనిపోయాడు. వయసు 27.

రెండో ఎలక్ట్రాన్

ఇప్పుడు పరీక్షలో రెండో ప్రశ్న. ఎలక్ట్రాన్ పోగొట్టుకోని మామూలు హీలియమ్. రెండే ఎలక్ట్రాన్లు. బెలూన్‌లో ఉండేది ఇదే, సూర్యుడి అంచున పసుపు గీత గీసేదీ ఇదే. బోర్ బొమ్మ నిజమైతే దీని గీతలూ చెప్పగలగాలి.

చెప్పలేకపోయింది. ప్రయత్నించనివాళ్లు లేరు. కక్ష్యలు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంటాయేమో అని సోమర్‌ఫెల్డ్ 1916లోనే మార్చి చూశాడు. హైడ్రోజన్‌కు బాగా పనికొచ్చింది. హీలియమ్‌కు కాదు. బోర్ శిష్యుడు క్రామర్స్ 1923లో రెండు ఎలక్ట్రాన్లను రకరకాల కక్ష్యల్లో పెట్టి, హీలియమ్ నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగెయ్యడానికి ఎంత శక్తి కావాలో లెక్కేశాడు. సుమారు 20.6 ఎలక్ట్రాన్ వోల్టులు వచ్చింది. ప్రయోగంలో వచ్చేది 24.6. నాలుగు వోల్టుల తేడా! ఒక ఎలక్ట్రాన్‌తో ఐదు దశాంశాల దాకా నిలబడ్డ బొమ్మ, రెండో ఎలక్ట్రాన్ రాగానే దశాంశానికి ముందే కూలింది.

ఇంకో వింత. హీలియమ్ గీతలు రెండు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు మెట్ల నుంచి ఇంకో గుంపు మెట్లకు ఎలక్ట్రాన్ దూకదు. రామ్సే రోజుల్లోనే కొందరు ఇవి రెండు వేరు వేరు వాయువులేమో అనుకున్నారు. ఒకే హీలియమ్ రెండు వాయువుల్లా ఎందుకు నటిస్తోందో బోర్ బొమ్మలో చోటే లేదు.

అప్పుడు కుర్రాళ్లు బొమ్మ గీయడమే మానేశారు. 1925లో 23 ఏళ్ల హైజెన్‌బర్గ్, కనిపించని కక్ష్యల గురించి మాట్లాడొద్దు, కొలవగలిగే గీతల గురించే లెక్కలు రాద్దాం అన్నాడు. అంతకు ముందే ఫ్రాన్స్‌లో ద బ్రోలీ ఎలక్ట్రాన్‌కు అల స్వభావం ఉంటుందని తన థీసిస్‌లో రాశాడు. 1926లో ష్రోడింగర్ ఆ అలకు సమీకరణం ఇచ్చాడు. 1927లో ఎలక్ట్రాన్లు నిజంగానే అలల్లా ప్రవర్తిస్తాయని ప్రయోగంలో చూపించినవాళ్లలో ఒకరు జి.పి. థామ్సన్. పుచ్చకాయ థామ్సన్‌గారి అబ్బాయే. ఎలక్ట్రాన్‌ను కణంగా చూపించి తండ్రి 1906లో, అలగా చూపించి కొడుకు 1937లో నోబెల్ తీసుకున్నారు.

ఈ కొత్త లెక్కలో ఎలక్ట్రాన్‌కు దారి లేదు. ఎక్కడ దొరికే అవకాశం ఎంత అన్నదే ఉంది. దాన్నే మబ్బులా గీస్తాం, ఆర్బిటాల్ అంటాం. బోర్ లెక్కలో హైడ్రోజన్ ఎలక్ట్రాన్ అడుగు మెట్టు మీద కేంద్రకం చుట్టూ తిరుగుతుంటుంది. కొత్త లెక్కలో అదే మెట్టు మీద దానికి ప్రదక్షిణం సున్నా. తిరగడమే లేదు. ఎమోజీలో ఆ గీతలు తప్పని నేనన్నది ఇందుకే.

మరి ఏం మిగిలింది? ఇది మా చెల్లికి చెప్పింది చెప్పినట్టే రాస్తాను. 13.6 మిగిలింది. మెట్లు మిగిలాయి. దూకినప్పుడు వెలుగొస్తుందన్నది మిగిలింది. బోర్ తన కక్ష్యకు 0.053 నానోమీటర్ల వ్యాసార్థం అన్నాడు. ష్రోడింగర్ మబ్బులో ఎలక్ట్రాన్ దొరికే అవకాశం అన్నిటికంటే ఎక్కువున్న దూరం కూడా సరిగ్గా అంతే. పోయింది గీత మాత్రమే. అందుకని బోర్ నమూనా పిల్లలకు నేర్పడంలో నాకు తప్పు కనిపించదు. పాల ప్యాకెట్ మీద ఉన్నట్టు దాని ఎక్స్‌పైరీ కూడా అచ్చేయకపోవడం దగ్గరే నాకు పేచీ. 'ఒక ఎలక్ట్రాన్ ఉన్నంతవరకే' అని తొమ్మిదో తరగతిలోనే ఒక్క ముక్క రాస్తే ఎవరి సొమ్ము పోయింది?

హీలియమ్ పరీక్ష కొత్తవాళ్లకూ తప్పలేదు. 1926లో హైజెన్‌బర్గ్ మొదట తీసుకున్నది రెండు వాయువుల వింతనే. ఎలక్ట్రాన్లకు స్పిన్ అనే గుణం ఉంటుందని అప్పటికే తేలింది. రెండు ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే వైపు ఉంటే ఒక గుంపు, ఎదురెదురుగా ఉంటే ఇంకో గుంపు. రెండు ఎలక్ట్రాన్లలో ఏది ఏదో గుర్తుపట్టడం ఎప్పటికీ కుదరదు కాబట్టే వాటి శక్తుల్లో అంత తేడా వస్తోందని చూపించాడు. 24.6 అంకె మాత్రం ఇంకో మూడేళ్లు తిప్పలు పెట్టింది. నార్వే నుంచి గాటింగెన్ వచ్చిన హిల్లెరాస్ అనే యువకుడు లెక్కల యంత్రం ముందు కూర్చుని, ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయన్నది కూడా లెక్కలో కలిపాడు. 1929లో అతని అంకె ప్రయోగం చెప్పిన అంకె పక్కన దాదాపు తేడా లేకుండా నిలబడింది.

గుంటూరు, మచిలీపట్నం మీద మెరిసిన ఆ పసుపు గీత ఏంటో ఇప్పుడు చెప్పొచ్చు. స్పిన్‌లు ఒకే వైపు ఉన్న హీలియమ్‌లో, ఒక ఎలక్ట్రాన్ 3డి అనే మబ్బులోంచి 2పి అనే మబ్బులోకి మారినప్పుడు వచ్చే వెలుగు, 587.6 నానోమీటర్లు. 1868లో చూసిన గీతకు 1926లో జవాబు దొరికింది. 58 ఏళ్లు పట్టింది. అప్పటికి జాన్సెన్, పాగ్సన్, లాకియర్, రామ్సే, నలుగురూ పోయారు.